తుమ్మలకుంట కోడెల రబ్బరు పలక

నేను ఒక రబ్బరు పలకను. ఐదు మూలలు, పైన తెల్ల పెయింటు, అంతే. చూడ్డానికి ఏముందని మొహం తిప్పుకోకండి. తుమ్మలకుంట పశువుల సంత మైదానంలో బేస్‌బాల్ ఆడేవాడు ఎవడైనా సరే, బరిలోని మూడు మూలలూ చుట్టి ఉరికొచ్చి నా మీద కాలు పెడితేనే జట్టుకు ఒక పరుగు.

సిమెంటు ఫ్యాక్టరీలో రాళ్లు మోసే కన్వేయర్ బెల్టుగా బతుకు మొదలుపెట్టాను. అరిగిపోయాక అవతల పారేస్తే, పంక్చర్ షాపు మద్దిలేటి తెచ్చుకుని చిన్నపిల్లలు గీసే ఇంటి బొమ్మలా కోశాడు. తుమ్మలకుంట కోడెల జట్టుకు కెప్టెన్ అతనే. ఏ సంఘమూ పెట్టిన జట్టు కాదది. బ్యాట్లు చేతి డబ్బుతో కొన్నవి, ప్రేక్షకుల గోలలో సగం బొరుగులమ్మే ఫక్కీరమ్మ ఒక్కతిదే.

నన్ను నేలలో పాతేటప్పుడు మద్దిలేటి వాస్తు చూశాడు. ఇంటి ఆకారం కదా, వాకిలి తూర్పున ఉండాలని వెడల్పాటి అంచును అటు తిప్పాడు. దాంతో నా కొస బంతి విసిరేవాడి వైపు వచ్చింది. ఆట ప్రకారం అది సరిగ్గా తలకిందులు. మనుషులు దిక్కులకిచ్చే మర్యాద నియమాలకు ఎక్కడిస్తారు? సోమవారం సంత గనక, ఆదివారం ఆట కాగానే నన్ను పెకలించి, కడిగి, షాపులో దాచేవాడు. మళ్లీ ఆదివారం మళ్లీ అదే వాస్తు.

ఒక ఆదివారం జిల్లా బేస్‌బాల్ సంఘం కార్యదర్శి చంద్రమౌళి కోడెలతో పోటీకి తన జట్టుతో వ్యానులో దిగాడు. కోడెల్లో బంతి విసిరే జిలానీ నాపరాళ్లు కోసే పనివాడు. ఈ ఆటలో మెప్పిస్తే అతన్ని రాష్ట్ర పోటీలకు పిలుస్తారని ఊరంతా ఆశ పెట్టుకుంది. చంద్రమౌళి నన్ను చూసి పగలబడి నవ్వాడు.

"పలక తిరగేసి పెట్టారేమిటయ్యా?"

మద్దిలేటి మొహం కందగడ్డయింది. "తెలీక పెట్టినాము సార్, తప్పు మాదే" అని మోకాళ్ల మీద కూర్చుని నన్ను పెకలించి సరిగ్గా తిప్పాడు. నాకూ సిగ్గేసింది, అబద్ధమెందుకు?

"పేరు రాసిన ఆ చొక్కాలు కూడా విప్పండి. ఇకమీదట కోడెలూ గీడెలూ ఉండవు. జిలానీ ఈ రోజు నుంచే మా జట్టులో ఆడతాడు. మిగతావాళ్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు చంద్రమౌళి.

మద్దిలేటి జిలానీ భుజం మీద చెయ్యేశాడు. "పో నాయనా. నేనేం అనుకోను."

జిలానీ తల వంచుకుని నావైపు చూశాడు. ఎటు తేల్చుకుంటాడోనని నా రబ్బరు ప్రాణం బిగుసుకుంది.

"పలక తప్పుగా పెట్టినాం, తిప్పినాం సార్," అన్నాడు నింపాదిగా. "పేరు తప్పుగా పెట్టలా. దాన్నెందుకు మార్చాల?"

చంద్రమౌళి ఆట రద్దన్నాడు. ఫక్కీరమ్మ గంప మీద గుడ్డ కప్పింది. "ఆ వ్యాను రవ్వంత నిదానంగా పోనీండప్పా, దుమ్మంతా నా బొరుగుల్లో పడ్తాది."

వ్యాను మలుపు తిరగకముందే కోడెలు రెండు జట్లుగా చీలి ఆట మొదలుపెట్టారు. జిలానీ మొదటి పరుగు తీసి నా మీద కాలు మోపిన చోట పెయింటు పెచ్చులూడింది. ఆ దెబ్బకు నేను గర్వపడ్డాను.

రాష్ట్ర పోటీలకు జిలానీని ఎవరూ పిలవలేదు. ప్రతి ఆదివారం మాత్రం ఇక్కడే బంతి విసురుతున్నాడు. జిల్లా స్టేడియంలో నాలాంటి పలకకు చోటు లేదట. నేనెప్పుడు అడిగాను గనక?