మూత పడితేనే తిరుగుతాను

నేను ఒక ఫుడ్ ప్రాసెసర్‌ని. పేరు పెద్దది, పని చిన్నది. ఉల్లిపాయలు తరుగుతాను, అల్లం, పచ్చిమిర్చి తరుగుతాను, అడిగితే కొబ్బరి కోరుతాను. ఏ ఊళ్ళో పుట్టానో తెలియదు. నా బ్లేడు బిగించినావిడ వేలితో పదును చూడబోయి, ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. పుట్టాక నేను చూసిన మొదటి మనిషి మొహం అది. అందులో భయం ఉంది. అందరికీ అంత భయమే ఉంటే నేను మీకు చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

నా ఒంట్లో ముఖ్యమైంది మోటారు కాదు, బ్లేడూ కాదు. గిన్నె కూర్చునే చోట పక్కగా గోరంత కంత ఒకటి ఉంది. మూత పెట్టి తిప్పితే దాని అంచున ఉన్న కొమ్ము ఆ కంతలోని మీటను నొక్కుతుంది. నొక్కితేనే తిరుగుతాను. మూత తీస్తే ఆగిపోతాను. ఎవరు చెప్పినా వినను, ఎంత తొందరున్నా వినను.

సామర్లకోట స్టేషన్ రోడ్డులో కామేశ్వర్రావు గారి కొట్లో నాకు చోటు దొరికింది. నా పక్కన ఒక పెద్ద బ్లెండర్ ఉండేది, హోటళ్ళవాళ్ళు కొనే రకం. దాని మోటారు మోగితే అరలోని స్టీలు గిన్నెలన్నీ వణికేవి. వచ్చినవాళ్ళంతా దాని ముందే ఆగేవారు. మనుషులకి చప్పుడు చేసేదంటే గౌరవం. తమలో తాము కూడా అంతే అనుకుంటాను.

ఒకరోజు సూరిబాబు, లోవతల్లి వచ్చారు. స్టేషన్ ఎదురుగా రేకుల షెడ్డులో పెసరట్లు వేసే మొగుడూ పెళ్ళాలు. సూరిబాబు తిన్నగా బ్లెండర్ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. జేబులో ఎర్ర దువ్వెన, మొహాన గెలిచినవాడి నవ్వు.

"ఇది తీసుకుందామే. చట్నీ వెన్నలా వస్తది."

"చట్నీకి మిక్సీ ఉంది కదయ్యా. ఉల్లిపాయలు తరగలేక నా మణికట్టు లాగేస్తుంటే చట్నీ గోల నీకు." ఆవిడ కామేశ్వర్రావు గారి వైపు తిరిగింది. "దీంట్లో ఉల్లిపాయేస్తే ముక్కవుద్దా అండి?"

"అబద్ధమెందుకమ్మా, గుజ్జవుద్ది. చేదు కూడా ఎక్కుద్ది. ముక్క కావాలంటే ఇదిగో, ఇది" అని ఆయన నా మీద చెయ్యి వేశాడు.

"ఇదా? పిల్లల ఆటవస్తువులా ఉంది గదండీ" అన్నాడు సూరిబాబు.

లోవతల్లి నవ్వలేదు. "మూత తీసుంటే తిరుగుద్దా?" అని అడిగింది.

కామేశ్వర్రావు గారు ముందు బ్లెండర్ మూత తీసి స్విచ్చి నొక్కాడు. అది గర్జించింది. తర్వాత నా మూత తీసి నొక్కాడు. నేను ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ నొక్కమంది ఆవిడ. మళ్ళీ నొక్కాడు. ఆవిడ చెల్లెలు నూకరత్నం తీర్థం జాతరలో చెరుకురసం మిషను దగ్గర కూర్చునేదట. గడ లోపలికి తోస్తూ తోస్తూ చెయ్యి కూడా తోసేసింది. ఆ చెయ్యిని ఇప్పటికీ కొంగు కింద దాచుకుంటుందట.

"ఇదే ఇచ్చెయ్యండి" అంది లోవతల్లి.

"మెడలోకి గొలుసు కొన్నప్పుడు కూడా ఇంత పరీక్ష చెయ్యలేదండి మా ఆవిడ" అన్నాడు సూరిబాబు.

తిరిగేదాన్ని కొనేవాళ్ళని చూశాను గానీ, ఆగిపోతుందని కొన్న మనిషిని ఆవిడొక్కదాన్నే చూశాను. గర్వపడ్డాను. భయపడాల్సింది.

ఎందుకంటే ఆవిడకి నేనంటే భయం పోయింది. స్విచ్చి ఆపకుండానే మూత తీసేది, వేళ్ళతో ముక్కలు గీకి తీసుకునేది. "మూత తీస్తే నువ్వు చచ్చిన పామువే" అని నా మీద చరిచేది. ఆ బ్లెండర్నే కొనుంటే దానికి ఆమడ దూరంలో నిలబడేది. నమ్మింది కాబట్టి నా నోట్లో చెయ్యి పెట్టడం నేర్చుకుంది.

సూరిబాబుకి నా పద్ధతి నచ్చలేదు. పొద్దున్నే బండి దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ ఒక్కసారే మీద పడతారు. గుప్పెడు వెయ్యి, మూత పెట్టు, తిప్పు, తియ్యి, మళ్ళీ గుప్పెడు వెయ్యి. "దీని తంతు కంటే పెళ్ళి తంతు నయం" అని గొణిగేవాడు. ఒకనాడు జేబులో దువ్వెన తీసి, చివర ముక్క విరిచి, గిన్నె ఎత్తి నా కంతలో దోపాడు. మీట నొక్కుకుపోయింది. మూత లేకుండానే తిరిగాను. ఇంక ఎవరు చెప్పినా తిరుగుతాను, ఆగమనడానికి నాకు నోరు లేదు. ఉన్న ఒక్క మాటా ఆ ముక్క కింద పడి నలిగిపోయింది.

లోవతల్లి అది చూసి అట్లకాడ కింద పెట్టేసింది. "రత్నం చెయ్యి నువ్వు చూళ్ళేదా? అన్నం పెట్టే చెయ్యిరా అది." కోపంలో ఆవిడకి మొగుడు 'రా' అయిపోయేవాడు. ఆ ముక్క పీకి పొయ్యిలో పడేసింది. షెడ్డంతా మాడు వాసన.

"ఏంటమ్మా మాడుతుంది?" అన్నాడు బల్ల మీద కూర్చున్నాయన.

"మా ఆయన తెలివండి."

అందరూ నవ్వారు. సూరిబాబు కూడా నవ్వాడు. ఆ నవ్వు కళ్ళదాకా పోలేదని నేను చూశాను. పదిమందిలో పోయిన పరువు మగాడు ఎక్కడో ఒకచోట తిరిగి రాబట్టుకుంటాడు.

మర్నాడు ఆవిడ కుళాయి దగ్గర గిన్నె కడుగుతోంది. వాడు దువ్వెన రెండో చివర విరిచాడు. కంతలో దోపాడు. ఆవిడ గిన్నె తెచ్చి నా మీద కూర్చోబెట్టింది. గిన్నె కూర్చుంటే కంత కనబడదు. ఆవిడ అలవాటు ప్రకారం ఉల్లిపాయలేసి, మూత పెట్టి, స్విచ్చి నొక్కింది. తిరిగాను. సగంలో కరెంటు పోయింది.

"సూరిబాబూ, రైలొచ్చేలా ఉంది, అట్టు ఇంకెంతసేపు?"

"అయిపోయిందండి, ఆయ్."

పెనం మీద అట్టు ఎర్రబడుతోంది. పైన చల్లడానికి ఉల్లి లేదు. నలిగిన కాడికి తీసుకుందామని లోవతల్లి మూత తీసింది. స్విచ్చి ఆపలేదు. ఎందుకు ఆపుతుంది, మూత తీస్తే నేను చచ్చిన పాముని కదా. కుడిచెయ్యి లోపల పెట్టింది.

సూరిబాబు చూశాడు. నోరు తెరిచాడు కూడా. చెబితే నిన్నటి తిట్లు మళ్ళీ తినాలి, అదీ అందరి ముందు. ఇప్పుడే తీసేస్తుందిలే అనుకున్నాడేమో, తెరిచిన నోటితో "చట్నీ కావాలా అండి?" అని ఎవరినో అడిగాడు.

కరెంటు వచ్చింది.

రెండు వేళ్ళు పోయాయి. దాని గురించి నేను చెప్పను. కత్తి నాది.

నన్ను అలాగే కడిగి మూల పెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ సూరిబాబు ఒకటే మాట చెప్పేవాడు. "నేను ముక్క పెట్టిన మాట నిజమేనండి. మా ఆవిడే తీసేశానంది. కంగారులో తియ్యడం మర్చిపోయినట్టుంది." లోవతల్లి మొదట్లో "తీశానయ్యా, పొయ్యిలో పడేశాను కూడా" అనేది. తర్వాత "తీశాననే అనుకున్నాను" అంది. చివరికి "ఏమో, నేనే మర్చిపోయుంటాను" అని కట్టు కట్టిన చేతిని కొంగు కిందికి లాక్కుంది. అచ్చం చెల్లెలిలాగే. సూరిబాబు తలాడించాడు. ఆ తలాడింపు నా కత్తి కంటే పదునైంది.

కట్టు విప్పకముందే వాడు నన్ను కామేశ్వర్రావు గారి కొట్టుకి మోసుకొచ్చాడు. పాతది ఇచ్చి బ్లెండర్ పట్టుకుపోదామని. ఆవిడ కూడా వచ్చింది.

"మూత తీసినా తిరిగేస్తుందండి. దయ్యం పట్టిన మిషను" అన్నాడు, ముక్క సంగతి మింగేసి.

కామేశ్వర్రావు గారు గిన్నె ఎత్తి చూశాడు. పట్టకారు తెచ్చి నా కంతలోంచి ఎర్ర ముక్క లాగి గాజు బల్ల మీద పెట్టాడు. లోవతల్లి దాన్ని చూసింది. మొగుడి జేబు వైపు చూసింది.

"దువ్వెన ఇటియ్యి."

"ఇప్పుడెందుకే?"

"ఇయ్యి."

ఎడమచేత్తో తీసుకుని ముక్కని ఒక చివర ఆనించింది. అతికినట్టు కూర్చుంది. రెండో చివర బోసిగా ఉంది. అక్కడిది పొయ్యిలో పోయిన ముక్క.

"అయితే నేను మర్చిపోలేదు" అంది, మెల్లగా. ఇన్నాళ్ళూ పోయినవి వేళ్ళు కావు, తన మీద తనకున్న నమ్మకమే అన్నట్టు.

సూరిబాబు బ్లెండర్ వైపు చూస్తూ నిలబడ్డాడు. కామేశ్వర్రావు గారు గొంతు సవరించుకుని "మరి ఏది ఇమ్మంటారమ్మా?" అని అడిగాడు.

"ఏదీ వద్దండి. ఇంట్లో కత్తిపీట ఉంది. రేపట్నించి దాని ముందు ఈయన కూర్చుంటాడు." దువ్వెననీ ముక్కనీ కలిపి కొంగున ముడేసుకుని మెట్లు దిగింది. వాడు వెనకాలే వెళ్ళాడు. తల దువ్వుకోవడానికి చెయ్యి జేబులోకి పోయి ఖాళీగా వచ్చింది.

నన్ను ఎవరికీ అమ్మబుద్ధి కాలేదు కామేశ్వర్రావు గారికి. కొట్టు వెనకాల తుప్పు పట్టిన గ్యాసు పొయ్యిల మధ్య పడేశాడు. తలుపు సందులోంచి మాటలు వినబడుతుంటాయి. అందరూ మోటారు ఎంతది, గింజ నలుగుద్దా అనే అడుగుతారు. మూత సంగతి ఎవరూ ఎత్తరు. నిన్న ఒకాయన ఎత్తాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"మూత తీసినా తిరిగేలా ఏమన్నా చెయ్యొచ్చా అండి?" అని అడిగాడు.

ఆయన జేబులో ఏముందో ఇక్కణ్ణించి నాకు కనబడలేదు.