కూర్చున్నవాళ్ల సముద్రం

నూట ఎనభయ్యో మెట్టు మీద అతను ఆగి, భుజం మీది పట్టీ సర్దుకున్నాడు. ముందు అతను, వెనక బావమరిది, మధ్యన రెండు కర్రలకు బిగించిన కుర్చీలో కాళ్లు కదలని ఓ పెద్దాయన. కొండ మీంచి సముద్రం చూడాలంటే మూడొందల మెట్లెక్కాలి. నడవలేని యాత్రికులకు ఈ ఇద్దరే దిక్కు.

పైన పిట్టగోడ పక్కన కుర్చీ దించి, చెమట తుడుచుకుంటూ, "ఎలా ఉంది సార్?" అని అడిగాడు.

"చాలా బాగుందయ్యా," అన్నాడు పెద్దాయన. ఇరవై రెండేళ్లుగా అందరిదీ అదే మాట. విన్నప్పుడల్లా, సముద్రాన్ని తనే తవ్వించినట్టు పొంగిపోయేవాడు.

ఆయన్ని కిందికి చేర్చాక, తన భార్యను ఎక్కించాడు. కాళ్లున్న రోజుల్లో ఆమెకు తీరిక లేదు. తీరిక దొరికేసరికి పక్షవాతం వచ్చింది. వేళ్లకు బలం రావాలని డాక్టరిచ్చిన రబ్బరు బంతి ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉంటుంది. రెండేళ్లుగా అడుగుతోంది. సీజను అయిపోనీ, వానలు తగ్గనీ అంటూ ఇతను వాయిదా వేస్తూనే వచ్చాడు. ఇవాళ పొద్దున ఆమె అలిగి, పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు.

పైన అదే చోట దించాడు. "ఎలా ఉందే?"

"బాగుందయ్యా."

ఆయాసం తీర్చుకోవడానికి ఆమె పక్కనే చతికిలబడ్డాడు. ఎదురుగా రాయి. తలెత్తితే ఆకాశం. అలల చప్పుడే తప్ప చుక్క నీళ్లు కనపడలేదు.

"ఇదేంటే, ఇక్కణ్నుంచి గోడే కదా కనిపించేది!"

"అంత కష్టపడి మోసుకొచ్చావు. ఇంకేమనను?"

ఇన్నేళ్లలో ఎంతమంది తన చెమట చూసి ఆ మాట అన్నారో తలుచుకునేసరికి అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆమెను చంటిపిల్లలా ఎత్తి, గోడ పైకి పట్టుకున్నాడు.

"అబ్బో, ఇంతుందా!" అంది ఆమె. అలా చూస్తూ ఉండిపోయింది.

దిగేటప్పుడు దారి పొడుగునా అతను చెబుతూనే ఉన్నాడు. "ఆఫీసులో అర్జీ పెడతాను. కుర్చీ ఎత్తున ఆ గోడకి కిటికీ కొట్టిస్తాను. అయ్యాక మొదట నిన్నే తీసుకొస్తాను, చూడు."

"అక్క నిద్రపోయినట్టుంది బావా, మెల్లగా దిగు," అన్నాడు వెనక నుంచి బావమరిది.

మెల్లగానే దిగారు. కింద కుర్చీ దించి, వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాక గానీ అది నిద్ర కాదని అతనికి తెలియలేదు.

అతను ఎత్తినప్పుడు, గోడ పట్టుకోవడం కోసం ఆమె చేతిలోని రబ్బరు బంతిని గోడ మీద పెట్టింది. పైన రెండు రాళ్ల సందున అది అలాగే ఉంది.