పొగ పైన ఎండ

యిన్‌హువా బండెడు బూడిదను గుట్ట మీద కుమ్మరించి, పారకు ఆనుకుని దగ్గింది. చలికాలమంతా లాంఝౌ పట్నంలోని ఒక వాడ ఇళ్ళను వెచ్చబెట్టే గొట్టాల్లోకి వేడినీళ్ళు పంపే బాయిలర్ గదిలో ఆమెది బూడిద ఎత్తే పని. పొగగొట్టంలోంచి బయల్దేరిన పొగ మేడల ఎత్తు దాటి కాస్త పైకి వెళ్ళి, ఇక వల్ల కాదన్నట్టు ఆగి పక్కలకు పరుచుకుంటోంది. ఉత్తరాన కొండ, దక్షిణాన కొండ, మధ్యన నది. గాలికి దారి లేదు. బరువెక్కిన చలిగాలి లోయ అడుగున పడుకుంటే ఊరి పొగ కూడా దానితోపాటే పడుకుంటుంది. వసంతంలో ఎడారి గాలి వచ్చి పొగను తరుముతుంది, పోతూ పోతూ ఇంటింటా పసుపుపచ్చ దుమ్ము పోసి మరీ పోతుంది.

పొగ పైన మాత్రం సూర్యుడున్నాడు. ఉత్తరపు కొండ మీద, తోటికోడలు లామెయ్ వాకిట్లో ఉన్నాడు. ఆ సంగతి గుర్తొస్తే చాలు, యిన్‌హువాకు కడుపు మండిపోతుంది.

ఇళ్ళు పంచుకున్న రోజున కొండ కింది ఇల్లే కావాలని పట్టుబట్టింది తనే. మరిదిది అప్పట్లో కొండ మీద మొక్కలు నాటే పని. చలికాలంలో నదిలో గడ్డకట్టిన మంచును పగలగొట్టి, మొగుడూ పెళ్ళాలు వీపున మోసుకుంటూ కొండెక్కి మొక్కల మొదళ్ళలో పెట్టేవారు. ఎండ ముదిరేకొద్దీ అది కరిగి వేళ్ళు తడుపుతుందట. యిన్‌హువా వాళ్ళను చూసి పడీపడీ నవ్వింది. ఇప్పుడు ఆ చెట్లకు కట్టిన తాళ్ళ మీద లామెయ్ దుప్పట్లు తెల్లగా ఆరుతున్నాయి. తనవి మాత్రం ఉతికినకొద్దీ బూడిదరంగు తిరుగుతున్నాయి.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మొగుడు షోరెన్ వేడినీళ్ళ గొట్టానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడవుతోంది.

"ఎండలో ఆరిన బొంత కప్పుకుని ఒక్కసారి పడుకోవాలనుందే," అన్నాడు.

"గొట్టం మీద ఆరేశానుగా."

"ఆ వాసన వేరు." ఊపిరి కూడదీసుకుని, "లామెయ్ వాళ్ళ గది ఖాళీగానే ఉందట. నన్ను పైకి..." అన్నాడు.

"పోయినేడూ ఇదే పాట! వాళ్ళ గుమ్మం తొక్కితే జన్మంతా చెప్పుకుంటారు."

షోరెన్ మళ్ళీ గొట్టానికి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. గొడవ పడి ఉంటే ఆమె నెగ్గేదే. ఆ ఊరుకోవడమే ఆమెకు గుచ్చుకుంది. దూది బొంతను మడిచి వీపున కట్టుకుని బయల్దేరింది.

కొండదారి సగం ఎక్కాక పొగ తెగిపోయింది. తల పైన నీలాకాశం, ముఖాన ఎండ. వెనక్కి తిరిగితే ఊరు లేదు, బూడిదరంగు మూత ఒక్కటే కనబడుతోంది. ఈ ఎండలో ఆ లామెయ్ రోజూ కూర్చుంటోందా అనుకుంది. అసూయతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముల్లంగి ముక్కలు ఎండబెడుతున్న లామెయ్ లేచి వచ్చింది. "అక్కా! దారి తప్పారా ఏంటి?"

"నీకేం తల్లీ. సూర్యుడు మీ ఇంటల్లుడు."

"పంపకాలప్పుడు కొండ మీద నక్కలుంటాయి, నాకొద్దన్నది మీరే కదక్కా!" లామెయ్ నవ్వుతూనే బొంత అందుకుని తాడు మీద పరిచింది. బెత్తంతో నాలుగు దెబ్బలు వేసింది. నల్లటి దుమ్ము లేచింది. యిన్‌హువాకు తల కొట్టేసినట్టయింది. లామెయ్ నవ్వు ఆపేసి, "బావగారిని తీసుకొచ్చేయండక్కా. ఇది నేను అడగబట్టి రెండేళ్ళు," అంది.

రెండేళ్ళూ అడ్డుపడ్డది తన కుళ్ళుబుద్ధే. యిన్‌హువా ఎండ వంక చూసింది.

"రేపు తీసుకొస్తా. బొంత ఇక్కడే ఉండనీ. వచ్చాక ఇక్కడే కప్పుకుంటాడు."

ఆ మాట చెప్పాలనే ఆత్రంతో గబగబా పొగలోకి దిగింది. తలుపు తోస్తూనే, "ఏవండీ, మూట కట్టుకోండి," అంది. షోరెన్ గొట్టానికి ఆనుకునే ఉన్నాడు. ఈల చప్పుడు లేదు. గొట్టం తగిలిన వీపు మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.

తెల్లారాక లామెయ్ ఏడుస్తూ బొంత మోసుకొచ్చి అతని మీద కప్పబోయింది. యిన్‌హువా లాక్కుంది. "వద్దు, పొగ పడుతుంది," అని దాన్ని పెట్టెలో పెట్టి మూత వేసింది.

వసంతంలో గాలి వచ్చి పొగను ఊడ్చుకుపోయింది. ఆమె పెట్టె తీసింది. బొంతకు ఇంకా ఎండ వాసన ఉంది.