వెంకటప్ప అరచెయ్యి

ధర్మవరంలో మా బావ వెంకటప్ప అరచెయ్యంటే నేతగాళ్లకు హడల్. వాళ్లు నేసి తెచ్చిన పట్టుచీరల్లో షావుకారు తరఫున తప్పులు పట్టేది ఆయనే. చీర పరిచి, కళ్లు మూసుకుని, దాని మీద అరచెయ్యి పోనిస్తాడు. చేతికి ఎత్తుగా తగిలితే చీర వెనక్కి విసిరేస్తాడు. పల్లంగా ఉంటే మాత్రం "ఇస్త్రీలో సర్దుకుంటాది" అని వదిలేస్తాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ చేతికి ఎదురు చెప్పినవాడు లేడు. ఆ గీర ఆయనకు ఒళ్లంతా ఉండేది.

రెండువేల మూడులో మా అక్క హనుమక్కకు దొడ్డికి వెళ్తే రక్తం పడసాగింది. మొలలేనని బావ ఏడాదిపాటు పసర్లు తాగించాడు. చివరికి నేనే పెనుకొండ నుంచి వచ్చి, పోట్లాడి, ఇద్దరినీ హిందూపురం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. పేగులోకి గొట్టం పంపి చూశాక ఆమె రెండు ఫోటోలు మా ముందు పెట్టింది. ఒకటి తొడిమతో వేలాడే రేగుపండంత కండ. రెండోది చొక్కా గుండీ అంత మచ్చ, బల్లపరుపుగా, నడుమ కొద్దిగా గుంట.

"పెద్దదాన్ని కత్తిరించి పరీక్షకు పంపాను. నా భయమంతా ఈ చిన్నదాని గురించే. నడుమ ఇలా గుంట పడిందంటే క్యాన్సర్ మొదలై ఉండొచ్చు. దీన్ని ఇక్కడ తీయడం కుదరదు, నెలలోపల బెంగళూరు వెళ్లండి. ఇప్పుడైతే పూర్తిగా తీసేయొచ్చు" అంది.

పదిరోజులకు పెద్దదాని రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ లేదు. బావ ఆ కాగితం పట్టుకుని వీధంతా మైసూరుపాకు పంచాడు.

"మరి చిన్నదో, బావా?" అన్నాను.

ఫోటో మీద అరచెయ్యి పోనిచ్చి నవ్వాడు. "ఎత్తుగా ఉండేదే ఏం కాదనిరి. ఈ పల్లం ఏం సేస్తాదమ్మే? ముప్పై ఏండ్లుగా సూస్తాండా. నాకు సెప్పొచ్చినావా నువ్వు?"

అక్క నా వైపు చూసింది. నేను మైసూరుపాకు నోట్లో వేసుకున్నాను. అందుకు నన్ను నేను ఈనాటికీ క్షమించుకోలేదు.

ఏడాదిన్నరకు అక్క తిండి మానేశాక బెంగళూరు తీసుకెళ్లాం. అక్కడ పొట్ట కోసిన డాక్టర్లు ఏమీ తీయకుండానే కుట్టేశారు. కాలేయం దాకా పాకిందట.

ఇంటికి తెచ్చాక బావ మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. అక్క ఆయన చెయ్యి లాగి, తన కుడి డొక్క కింద గట్టిగా అదిమి పెట్టింది.

"ఏమయ్యా, కండ్లు మూసుకోని సూడు. ఇప్పుడు ఎత్తొచ్చింది గదా. ఇప్పుడన్నా తప్పంటావా?"

బావ చెయ్యి లాక్కోబోయాడు. అక్క వదల్లేదు.