అంచు కట్టని చాప

కత్తి మొనను ఆకు మొదట్లో ఆనించి రత్నమ్మ ఒక్క లాగు లాగింది. ముళ్ళ అంచు పొడుగ్గా ఊడి, మెలికలు తిరుగుతూ ఆమె కాళ్ళ దగ్గర పడింది. ఆకును తిప్పి రెండో అంచు లాగింది. నడిమి ఈనె మీది ముళ్ళూ గీకేసి, ఆకును పాయలుగా చీల్చి పక్కన పడేసి, ఇంకో ఆకు అందుకుంది. చూపు మాత్రం ఆకు మీద లేదు. ఎక్కడా లేదు.

వకోవా ఆకు మన మొగలాకుకు వరసకు అన్న. మనిషంత పొడుగు, రెండంచులా రంపం. కొత్తవాళ్ళ చేతుల్ని అది ఏడిపించి గాని వదలదు. రత్నమ్మ చేతులు ఏడ్చే రోజులు ఎప్పుడో పోయాయి. ముల్లు దిగినా ఆమెకు తెలిసేది కాదు. అల్లికలో ఎర్ర మరక కనబడితే, గుచ్చుకుందన్నమాట అనుకుని వేలు కొంగుకు తుడుచుకునేది. పదిహేడేళ్ళ పిల్ల. పాలపళ్ళు ఊడకముందు నుంచీ ఆ కొట్టంలోనే కూర్చుని చక్కెర సంచులు అల్లుతోంది. ఆ సంచుల్లో చక్కెర పోసుకుని ఓడలు సీమకు పోతాయని విన్నది. ఓడను ఎన్నడూ చూడలేదు.

కొట్టం బయట తుంపర పడుతోంది. ఆ ఆకు పేరే పెట్టుకున్న వకోవా ఊళ్ళో వాన ఎప్పుడు మొదలైందో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆరేసిన చీర ఆరకముందే చిరుగుతుందనీ, ఆ ఊరి కోళ్ళకు బాతుల్లాగా కాలివేళ్ళ మధ్య తోలు మొలిచిందనీ ముత్యాలమ్మ చెప్పేది. కోడికాలు ఎత్తి చూసినవాళ్ళు లేరు కాబట్టి కాదనడానికీ వీల్లేదు.

ముత్యాలమ్మ రత్నమ్మకు రక్తసంబంధం కాదు. రత్నమ్మ తల్లి జ్వరంతో పోయిననాడు, పక్క గుడిసెలో ఉన్న పాపానికి పిల్లను ఎత్తుకుని పెంచింది. తాను కూడా పిల్లగా ఉన్నప్పుడే విశాఖపట్నం రేవులో ఓడెక్కి ఈ దీవిలో దిగింది. ఆ ఓడ వెంట ఒక పెద్ద చేప చుట్ట కోసం ఈదుకుంటూ వచ్చిందని ఆవిడ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. పోయిన గాలివాన తర్వాత మంచం పట్టింది. పట్టిన రోజునే చాప అల్లమంది.

తాను పోయాక పడుకోబెట్టడానికి. వాళ్ళ ఊరి ఆనవాయితీ అట: ఎవరి ఆఖరి చాప వాళ్ళింటి చేతులే అల్లాలి, ఊపిరి ఉన్నంతవరకు అంచు కట్టకూడదు. అంచు కట్టి ఉంటే యముడు తనకోసమే పరిచారనుకుని లోపలికి వచ్చేస్తాడు. అది నిజంగా ఆ ఊళ్ళో ఉన్న ఆనవాయితీయో, ఓడలో పొద్దుపోక ఆవిడే పుట్టించిందో, అడుగుదామంటే ఆ ఊరివాళ్ళు ఇంకెవరూ లేరు. రత్నమ్మ నమ్మింది. ముత్యాలమ్మ పోతే తనను పేరు పెట్టి పిలిచే గడప ఇంకొకటి ఉండదు.

అల్లడం ఆపితే అంచు కట్టాలి. కట్టకూడదు కాబట్టి అల్లుతూనే ఉంది. ముత్యాలమ్మ ఎండుమిరపకాయంత మనిషి. చాప మాత్రం ఏనుగు అటూ ఇటూ పొర్లినా నేల తగలనంత అయింది. మొదట్లో చాప మాట సరదాగానే చెప్పిన ముత్యాలమ్మ ఈమధ్య విసుక్కుంటోంది.

“ఒలే గుంటా, ఆ అంచు కట్టీయే. ఎన్నాళ్ళిలా?”

“కట్టను.”

“ఇలా తే. నానే కట్టుకుంటాను.”

అందుకని రత్నమ్మ చాపను ఇంట్లో వదిలేది కాదు. రోజూ పొద్దున్నే చుట్టి నెత్తిన పెట్టుకుని కొట్టానికి తెచ్చేది, సాయంత్రం మోసుకుపోయేది.

మధ్యాహ్నం మార్సెల్ గంట కొట్టాడు. కొట్టానికి పెద్ద అతడే. గంటకూ గంటకూ మధ్య అతడు కునుకు తీసినా, గంట మాత్రం తప్పేది కాదు. ఆడవాళ్ళు అన్నం మూటలు విప్పారు. రత్నమ్మ నాలుగు ముద్దలు మింగి చాప కొస ఒళ్ళోకి లాక్కుంది. పక్కన కూర్చునే క్రియోల్ పిల్ల జోసెలిన్, కర్రపెండలం దుంప ముక్క నములుతూ చాపను ఎగాదిగా చూసింది. రత్నమ్మను ఆమె తన భాషలో ‘మో సేర్’, నా చెల్లీ, అని పిలిచేది.

“ఎవరికిది, మో సేర్? చర్చి గోపురానికి తొడుగుతావా?”

రత్నమ్మ నవ్వలేదు. జోసెలిన్ ఆమె పక్కకు జరిగింది.

“నేను ఈ వారం చివర పోర్టులూయీ రేవుకు పోతున్నాను. మా పిన్ని ఇస్త్రీ చేసే ఇంట్లో ఇంకో ఇద్దరు కావాలట. నువ్వూ రా. బట్టలకు ముళ్ళుండవు.”

“మామ్మ ఉంది కదా.”

“మీ మామ్మ పోయాకే రా. ఎన్నాళ్ళుంటుందేం?”

జోసెలిన్ మంచిదే. నోట్లో దుంప ఉండగా వచ్చిన మాట అది.  రేవు ఎలా ఉంటుందో అనుకుంది రత్నమ్మ. అంతే. ఓడలంటే ఎంతుంటాయో, ఇస్త్రీ చేసిన గుడ్డ వెచ్చగా చేతికి తెలుస్తుందో లేదో అనుకుంది. అనుకున్నంతసేపూ చేతులు ఊరుకోలేదు.

గంట మోగింది. చూసుకుంటే చాప కొస మడిచి ఉంది. రెండు పక్కలూ లోపలికి తిప్పి, మూలలు పైకి లేపి, పాయ మీద పాయ వేసి, అంచు బిగించి ఉంది. చేతులు ఇన్నేళ్ళుగా చేసిందే చేశాయి. చాప కొసకు సంచి అడుగు కట్టేశాయి.

విప్పబోయింది. తుంపరకు తడిసి అల్లిక బిగుసుకుపోయింది. మార్సెల్ వచ్చి వెనక నిలబడ్డాడు.

“అలే, అలే. కబుర్లు చాలు.”

చాపను వీపు వెనక్కి తోసి ఆకు అందుకుంది. పొద్దువాలేదాకా సంచులు అల్లింది. ఒక్క సంచీ వంకర పోలేదు. మధ్యలో ఒకసారి, ఈపాటికి మామ్మ పని అయిపోయిందేమో అనుకుంది. అలా అనుకున్నా గుండెలో ఏమీ కదల్లేదు. ముల్లు దిగిన వేలి లాగే ఉంది.

ఇంటికి వచ్చేసరికి ముత్యాలమ్మ బతికే ఉంది. కళ్ళు తెరిచి కప్పు వైపు చూస్తోంది.

“ఏటే, గుమ్మంలోనే నిలబడిపోనావు?”

“ఏం లేదు మామ్మా.”

“సాపేదీ?”

“బయట పెట్టాను.”

“వానలో ఎట్టినావా? పిల్లకి తెలివి ఏ గంగలో కలిసిందో. లోపలికి తే.”

తెచ్చింది. ముత్యాలమ్మకు చూపు సగమే ఆనేది, వేళ్ళు మాత్రం అన్నీ చూసేవి. కొస పట్టుకుని తడిమింది. మూల దగ్గర వేళ్ళు ఆగాయి. మళ్ళీ తడిమింది. మంచం సన్నగా ఊగసాగింది. వణుకు అనుకుంది రత్నమ్మ. కాదు, ముసలిది నవ్వుతోంది.

“ఒలమ్మా. సాప కాదే ఇది. బస్తా.”

“విప్పేస్తాను మామ్మా.”

“ఇప్పకే. నన్నిందులో ఎట్టి మూతి కుట్టీ. సక్కెర అనుకుని ఓడెక్కించీస్తారు. కూలిగా వొచ్చినాను, సరుకుగా ఎల్తాను.”

రత్నమ్మ మంచం పక్కన కూర్చుని పాయ కొస గోటితో పైకి లేపసాగింది.

“దారిలో ఎవడైనా రుచి చూస్తే?”

“ఉప్పగున్నాదని సంద్రంలో పారీస్తాడు. పారీనీ. నా సేప ఉంది కదా, అది ఒడ్డుకి సేరుస్తాది.”

“దానికింకా గుర్తుంటావా?”

“ఎందుకుండను? దాని మొగం నాకు గురుతు లేదేటి? ఎడం కన్ను మెల్ల. సుట్ట పీక ఇసిరితే సాలు, నీట్లోంచి మెడ ఎత్తి, నోరు తెరిచి…”

ఆ తర్వాత చేప చుట్టను నిప్పు లోపలికి పెట్టి నోట పట్టుకుని, అడ్డపొగ పీల్చి, కెప్టెను మొహాన ఊదాలి. రత్నమ్మకు కథ కంఠతా వచ్చు. పొగ దగ్గర ముత్యాలమ్మ తనే దగ్గి చూపించేది. దగ్గు వినబడలేదు.

“ఊదిందా మామ్మా?” అని అడిగింది, అలవాటుగా.

మంచం ఊగడం లేదు. చాప కొస ముత్యాలమ్మ గుప్పిట్లోనే ఉంది. రత్నమ్మ వేళ్ళు ఇంకాసేపు పాయను లాగుతూనే ఉన్నాయి. అది చివరికి ఊడి వచ్చింది. అప్పుడు ఆపింది.

దీపాలు పెట్టే వేళ. వరుస గుడిసెల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. భజన చెప్పే వెంకయ్య తాళాలు చంకలో పెట్టుకుని వచ్చి, చాప పరిపించాడు. గుడిసెలో పట్టక సగం వసారాలోకి వచ్చింది. విప్పి వదిలేసిన మూల చూసి అన్నాడు.

“అంచు కట్టాలి కదమ్మా. ఇంటి చెయ్యివి నువ్వే. కట్టు.”

రత్నమ్మ కూర్చుంది. చేతులు సంచి మూలే మడిచాయి. ఈసారి ఆమె చూస్తూనే మడిచింది. పాయలు పాయల కింద దూర్చి, బిగించి, మూల పైకి లేపి నొక్కింది. వెంకయ్యకు అది చాప అంచు కాదని తెలియకపోలేదు. అయినా తాళాలు తీసి రామనామం ఎత్తుకున్నాడు. ముత్యాలమ్మను ఆ మూలలో పడుకోబెట్టారు. పాదాలు సంచి అడుగున సరిగ్గా ఇమిడాయి. మిగిలిన చాపను ఆవిడ మీద మడత మీద మడత కప్పారు. అంత వెచ్చగా ఆవిడ వకోవాలో ఎన్నడూ పడుకుని ఉండదు.

మర్నాడు తుంపరలోనే మట్టి చేశారు. ఆ మర్నాడు రత్నమ్మ కొట్టంలో తన చోట కూర్చుంది. నెత్తిన చాప లేకపోయేసరికి దారిలో రెండుసార్లు మెడ తడుముకుంది. జోసెలిన్ ఇస్త్రీ మాట ఎత్తలేదు, తన దుంపలో సగం విరిచి ఇచ్చింది. వారం చివర మూట పట్టుకుని గుమ్మం ముందుకు వచ్చి చెయ్యి చాచింది. రత్నమ్మకు వెళ్ళాలనీ లేదు, ఉండాలనీ లేదు. జోసెలిన్ చెయ్యి పట్టుకుని లేపింది కాబట్టి లేచింది.

“ఏమీ తెచ్చుకోవా, మో సేర్?”

రత్నమ్మ వెనక్కి ఒకసారి చూసి, లేదన్నట్టు తల ఊపింది.

తలుపు తీసే ఉంది. ముత్యాలమ్మ మంచం కింద, ఆవేళ ఊడి వచ్చిన ఆకు పాయ ఒకటి పడి ఉంది. ఎండినా తిన్నగా సాగలేదు. సంచి మూల తిరిగిన చోట ఎలా వంగిందో అలాగే వంగి ఉంది.