పక్కదారి పంతులు

మిక్సీ తిరుగుతుండగా ముఖ్యమైన మాట చెప్పకూడదు. ఈ సంగతి నాకు నలభై ఏడేళ్ళ వయసులో, ఒక బుధవారం పొద్దున ఏడూ ఇరవైకి తెలిసిరావలసింది. మర్నాటి దాకా తెలిసిరాలేదు.

బడి నుంచి ఫోనొచ్చింది. పెట్టేసి, వంటింటి గుమ్మంలో నిలబడి గొంతు పెంచి చెప్పాను. "అమ్మా, రేపు నా క్లాసుకి అసెసర్ వస్తున్నారు!"

మా అమ్మ మిక్సీ మూత మీద అరచెయ్యి అదిమిపెట్టి, "ఏ సారు?" అంది.

"అసెసర్!"

"అసలు సారా?"

నాకు మాత్రం ఆవిడ సరిగ్గానే అన్నట్టు వినపడింది. "అవునమ్మా, రేపే. రెండో పీరియడు."

అమ్మ మిక్సీ ఆపింది. మొహం వాడిపోయింది. "మరి నీ గతేమిట్రా?"

"నాదేముంది? ఆయన వెనక కూచుంటాడు, నేను ముందు నిలబడతాను. నచ్చితే ఉంటాను, నచ్చకపోతే పోతాను" అంటూ బొత్తాలు పెట్టుకుని వెళ్ళిపోయాను. జోకు వేశాననుకున్నాను. పక్క గదిలో మా అమ్మాయి జడ వేసుకుంటోంది. అది చదివేది నా బడిలో, నా తొమ్మిదో తరగతిలో.

పోతాను అన్నది ఉత్తమాట కాదు. నేను ఇరవై రెండేళ్ళు లిఫ్టులు బాగుచేశాను. జీవితంలో ఒక్కసారి పైకొస్తే చాలని అందరూ దణ్ణాలు పెట్టుకుంటారు. నేను రోజుకి ముప్ఫైసార్లు పైకొచ్చి ముప్ఫైసార్లు కిందికి దిగేవాణ్ణి. పెట్టె అడుగున ఫిజిక్స్ డిగ్రీ మూలుగుతోంది. డిగ్రీ ఉన్నవాడు టీచరు కావాలంటే రాజమార్గం రెండేళ్ళ శిక్షణ కాలేజీ. సంసారం ఉన్నవాడు రెండేళ్ళు బెంచీ మీద కూచుంటే సంసారం నేల మీద కూచుంటుంది. అలాంటివాళ్ళ కోసం ఇంకో దారి తెరిచారు. తాత్కాలిక అనుమతి మీద పగలు బడిలో పాఠం చెప్పాలి. సాయంత్రాలు పాఠం చెప్పడం ఎలాగో నేర్చుకోవాలి. అంటే వంట చేస్తూనే వంట నేర్చుకోవడం. ఏడాది పొడుగునా ఒక సీనియర్ టీచరు కనిపెట్టి ఉంటుంది. చివర్లో రాతపరీక్ష, ఆ తర్వాత అసెసర్ వచ్చి చూసే ఒక పాఠం.

కాగితాల మీద దాని పేరు ప్రత్యామ్నాయ మార్గం. అది నోరు తిరగక మా ఆవిడ 'పక్కదారి' అంది. ఇంకేముంది, "పాపం, ఈ వయసులో పక్కదారి పట్టాడట" అని చుట్టాలందరికీ పాకిపోయింది. ఇద్దరు ఫోన్ చేసి మా ఆవిణ్ణి ఓదార్చారు కూడా.

రాతపరీక్ష నెగ్గాను. మిగిలింది ఈ ఒక్క పాఠం. తాత్కాలిక అనుమతి నెలాఖరుకి చెల్లిపోతుంది. పట్టా వస్తే పంతుల్ని, రాకపోతే పట్టాలు తప్పిన రైలుని. లిఫ్టు కంపెనీ అప్పుడే నా చోట్లోకి ఇంకొకణ్ణి ఎక్కించేసింది.

ఆ బుధవారమే స్టాఫ్ రూములో నన్ను కనిపెట్టి ఉండే పెద్ద మేడమ్ తలుపు దగ్గరగా వేసి చెప్పింది. "ఆయన చేతిలో ఆరు గడుల ఫారం ఉంటుంది. ఒక గడిలో 'కాదు' పడినా గట్టెక్కుతారు. రెండు పడ్డాయా, ఇంటికే. మూడో గడి, రాసిచ్చిన పథకం ప్రకారం పాఠం పూర్తవడం. అక్కడే అందరూ జారిపడేది. అందుకని మీ ఆ ఎర్రబిళ్ళ రేపొక్కరోజు దాచెయ్యండి సార్. మీకు పుణ్యముంటుంది."

ఎర్రబిళ్ళ సంగతి చెప్పాలి. లిఫ్టు పనిలో దిగేముందు కరెంటు ఆపి, స్విచ్చికి ఎర్రబిళ్ళ తగిలిస్తాం. తగిలించినవాడే తియ్యాలి. యజమాని వచ్చి అరిచినా, పదో అంతస్తులో పెళ్ళికూతురు ఇరుక్కున్నా, ఇంకొకడు ముట్టుకోకూడదు. నా క్లాసులోనూ అదే పద్ధతి పెట్టాను. బోర్డు పక్కన మేకు, బల్ల మీద బిళ్ళ. ఎవరికి అర్థం కాకపోయినా నోరు విప్పక్కర్లేదు, వచ్చి తగిలిస్తే చాలు. పాఠం ఆగిపోతుంది. తగిలించినవాళ్ళే వచ్చి తీసేదాకా కదలదు.

ఈ చాదస్తానికి కారణం నా ఎడమ చిటికెన వేలు. సగమే ఉంటుంది. ఒకసారి లిఫ్టు గోతిలోంచి జతగాడికి మూడు పనులు వరసగా చెప్పాను. వాడికి రెండోది బోధపడలేదు. అడగడానికి మొహమాటపడి "సరే అన్నా" అన్నాడు. మిగతా సగం వేలు ఆ సరేలో పోయింది. అప్పట్నించి నాకు సరే సరిపోదు.

అయినా గురువారం పొద్దున బిళ్ళని సొరుగులో పెట్టాను. మళ్ళీ తీసి బల్ల మీద పెట్టాను. మళ్ళీ సొరుగు. పెద్ద మేడమ్ అసెసర్‌తో వరండాలోకి వచ్చేసరికి బిళ్ళ బల్ల మీదే ఉంది. ధైర్యం అనకండి. సొరుగులో పెట్టే టైము చాలలేదు.

అసెసర్ సన్నటి మనిషి. జేబులో రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఆయన్ని చూడగానే నలభైమందీ ఇస్త్రీ చేసినట్టు లేచి నిలబడ్డారు. నా క్లాసు అలా నిలబడగలదని నాకే తెలియదు. మా అమ్మాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జలుబనుకున్నాను.

పాఠం, లిఫ్టులో మనిషి బరువు. నా సొంత ఇలాకా. లిఫ్టు పైకి బయల్దేరే క్షణంలో కాళ్ళ కిందున్న తూకం యంత్రం ఎక్కువ చూపిస్తుంది. వేగం సమంగా ఉన్నంతసేపూ అసలు బరువే చూపిస్తుంది. ఆగబోయేటప్పుడు తక్కువ. బొమ్మ గీసి చెప్పాను. "అర్థమైందా?"

"అర్థమైంది సార్!" నలభై గొంతులు, ఒకే గొంతు.

రోజూ ఈ పాటికి రెండుసార్లు బిళ్ళ మేకెక్కేది. ఇంకో మెట్టు చెప్పాను. "అర్థమైంది సార్!" ఇంకోటి. "అర్థమైంది సార్!" మొదటి బెంచీవాణ్ణి లేపి అడిగితే బోర్డు మీదున్న వాక్యం చూసి చదివి కూచున్నాడు. వెనక నీలం పెన్ను హాయిగా నడుస్తోంది. పెద్ద మేడమ్ మొహంలో దీపావళి. నాకు మాత్రం అనుమానం. చప్పుడు చేసే లిఫ్టుతో భయం లేదు. ఏ చప్పుడూ లేకుండా నడిచే పాత లిఫ్టులో నేనెప్పుడూ కాలు పెట్టలేదు.

ఇరవై రెండు నిమిషాలయ్యాయి. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. పథకంలో తర్వాతిది అభ్యాస పత్రం. పంచుతూ చివరి బెంచీ దాకా వెళ్ళాను. అక్కడ గుసగుస కూచుంటుంది. ఆ పిల్ల ఏం చెప్పినా పక్కనున్న పిల్లకే వినపడుతుంది, అందుకని ఆ పేరు. ఎర్రబిళ్ళని అందరికన్నా ఎక్కువసార్లు తగిలించేదీ తనే. నోట్సు తెరిచి ఉంది. పది అంతస్తుల మేడ గీసింది. కింద మనిషి యాభై కిలోలు, మొదటి అంతస్తులో యాభై అయిదు, రెండో దాంట్లో అరవై... పదో అంతస్తు చేరేసరికి వందకిలోల మనిషి. పక్కపిల్ల నోట్సులోనూ వందే. ముందు బెంచీలో నూట పది.

"అర్థమైందా?" అన్నాను మెల్లగా.

ఎర్రబిళ్ళ వైపు ఒకసారి చూసింది. అసెసర్ వైపు ఒకసారి చూసింది. "అర్థమైంది సార్" అంది. కళ్ళు నేల మీదే ఉన్నాయి.

అచ్చం నా జతగాడి 'సరే'.

అసెసర్‌కి ఆ నోట్సు కనపడలేదు. పత్రాలు పంచేసి, జవాబులు బోర్డు మీద రాసేసి, గంట కొట్టగానే పట్టా జేబులో వేసుకోవచ్చు. అవతలి గోడ దగ్గర పెద్ద మేడమ్ చెయ్యి చిన్నగా ఊపుతోంది, కానివ్వండి, కానివ్వండి అని. లేని వేలు దురద పెట్టింది. నిజంగానే పెట్టింది. నడిచి వెళ్ళి, బల్ల మీది ఎర్రబిళ్ళ తీసి, నేనే మేకుకి తగిలించాను.

"ఏమిటది?" అన్నాడు అసెసర్.

"పాఠం ఆగిందండీ. ఎవరికైనా అర్థం కాకపోతే అది తగిలిస్తారు."

"ఎవరికి అర్థం కాలేదు?"

"నాకండీ. వీళ్ళకేం అర్థమైందో నాకు అర్థం కాలేదు."

"మీకింకా పదహారు నిమిషాలే ఉన్నాయి. పథకంలో సగం మిగిలింది. అది తీసేసి కానివ్వండి."

"తగిలించింది నేను కదండీ. నాకు అర్థమయ్యాకే తియ్యాలి."

జేబులోంచి ఎర్రపెన్ను బయటికొచ్చింది. పెద్ద మేడమ్ కళ్ళు మూసుకుంది.

బీరువాలోంచి స్ప్రింగు త్రాసు తీసి, దానికి కిలో ఇసక సంచీ తగిలించి గుసగుసని పిలిచాను. "నువ్వే లిఫ్టు. పైకి లాగు." లాగింది. ముల్లు గబుక్కున కిలో దాటింది. "ఎక్కువైంది!" అన్నారెవరో. "ఇప్పుడు ఆపకుండా, సమంగా, మెల్లగా పైకెత్తుతూ పో." చెయ్యి మెల్లగా లేచింది. ముల్లు జారి కిలో దగ్గర నిలబడింది. నలభైమందీ బల్ల చుట్టూ మూగారు, ఇద్దరు బెంచీల మీదెక్కారు. గుసగుస మూడుసార్లు లాగింది. నాలుగోసారి ఆగిపోయి, ముల్లుకేసి చూస్తూ తనలో తను అనుకున్నట్టు అంది. "పైకెళ్ళినందుకు కాదు... బయల్దేరేటప్పుడే." అని ఒక్క పరుగున వెళ్ళి తన మేడలో అంకెలన్నీ కొట్టేసి, యాభైలు రాసుకొచ్చింది. ముందు బెంచీ నూటపది కిలోలవాడు ఆ యాభైలు చూసి ఒప్పుకోలేదు, దెబ్బలాడాడు, త్రాసు లాక్కుని తనే చూసి నోరు మూశాడు.

అప్పుడు బిళ్ళ తీశాను. గంట కొట్టారు. పిల్లలు బెంచీల్లోకి సర్దుకున్నారు. అభ్యాస పత్రాలు తెల్లగా, కన్నెగా, ఎక్కడివక్కడే ఉన్నాయి.

అసెసర్ ముందుకొచ్చాడు. "మూడో గడి పోయింది. తెలుసు కదా?"

"తెలుసండీ."

"ఇంకో సంగతి. మొదటి ఇరవై నిమిషాలు నలభైమంది ఒకే గొంతుతో అర్థమైందన్నారు. ఏమీ అర్థం కాలేదని తర్వాత తేలింది. ముందే నేర్పించి పెట్టిన క్లాసులు నేను చాలా చూశాను. అలాంటి చోట గడులు చూడను, ఫారానికి అడ్డంగా ఒకటే గీత." ఎర్రపెన్ను మూత ఇంకా తీసే ఉంది. "నేర్పించారా?"

"లేదండీ" అన్నాను. పిల్లలెందుకలా అన్నారో నాకూ తెలియదు.

చివరి బెంచీలో గుసగుస లేచి ఏదో అంది. పక్కపిల్లకి తప్ప వినపడలేదు.

"గట్టిగా చెప్పమ్మా" అన్నాడు అసెసర్.

"మా సార్ నేర్పించలేదు!" ఆ పిల్లకి అంత గొంతుందని ఆ పిల్లకే తెలియదు. "మేమే అనుకున్నాం. మీరు అసలు సార్ అనీ, మా సార్ని పంపించేసి మీరొచ్చేస్తారనీ. బిళ్ళ తగిలిస్తే మా సార్‌కి చెప్పడం రాదనుకుంటారని ఎవ్వరం తగిలించలేదు!"

"నేను... అసలు సార్‌నా?" అన్నాడాయన. "ఎవరన్నారు?"

నలభై తలలు మా అమ్మాయి వైపు తిరిగాయి. అది ఏడుపు మింగుతూ లేచింది. "నాన్నమ్మ చెప్పింది. నిన్న పొద్దున నాన్నే అన్నాడట, అసలు సార్ వస్తున్నాడు, నచ్చకపోతే నేను పోతానని."

నా బుర్రలో మిక్సీ ఒక్కసారి గిర్రున తిరిగి ఆగింది. "అసెసర్ అన్నానమ్మా" అన్నాను. "మీ నాన్నమ్మ మిక్సీ వేసింది!"

ముందు పెద్ద మేడమ్ నవ్వింది, ఏడాదిలో మొదటిసారి. తర్వాత క్లాసంతా. అసెసర్ నవ్వలేదు గానీ ఎర్రపెన్నుకి మూత పెట్టాడు.

"అసెసర్ అంటే చూసి చెప్పేవాడు. పాఠం చెప్పేవాడు కాదు. మీ సార్ చోటు నాకక్కర్లేదు" అని పిల్లలకి విడమరిచి చెప్పి, నా వైపు తిరిగాడు. "నేర్పించి పెట్టినవాడు తన పాఠాన్ని తనే ఆపుకోడు లెండి. అది మీరు బిళ్ళ తగిలించినప్పుడే తెలిసింది. పిల్లలెందుకు దాచారన్నదే అంతుపట్టలేదు." ఫారం బల్ల మీద పెట్టాడు. మూడో గడి ఎరుపు. మిగతా అయిదూ నీలం. నాకు కాళ్ళ కింద నేల ఒక్క కుదుపు కుదిపి, సమంగా నిలబడింది.

సాయంత్రం మిక్సీ ప్లగ్గు పీకి పక్కన పెట్టి, మా ఆవిడ సాక్షిగా, మా అమ్మకి మొదట్నించీ చెప్పాను. అసెసర్ వేరు, అసలు సార్ వేరు; వచ్చినవాడు చూసి వెళ్ళిపోయాడు, నేనున్నాను, ఇక ఉంటాను అని.

అమ్మ అంతా విని తల పంకించింది. "అదేదో ముందే గట్టిగా చెప్పొచ్చు కదరా" అంది.