నాగరత్నమ్మ పంటినొప్పి

లక్ష్మీపతికి దవడపన్ను పీకించిన మరునాడు ఆ ఇల్లు ఇల్లంతా అతని మంచం చుట్టూ తిరుగుతోంది. నిమ్మనపల్లె దగ్గర పల్లెలో అతను టమాటా రైతు. ముందురోజు మదనపల్లెలో పంటి డాక్టరు పన్ను పీకి, రెండు రోజులు ఎండలో తిరగొద్దని, వేడివి తినొద్దని, మాట తగ్గించమని చెప్పి పంపాడు. ఆ మూడు మాటలూ ఇంట్లో చట్టమైపోయాయి.

వసారాలో నవారు మంచం వేశారు. భార్య నాగరత్నమ్మ రాగి అంబలి కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి గంటకొకసారి తెచ్చి ఇస్తోంది. కుప్పంలో కాపురముంటున్న కూతురు గీత, ఫోను రాగానే బస్సెక్కి వచ్చేసింది. టమాటా కోత నడుస్తున్నా అతన్ని ఎవరూ పొలానికి రమ్మనలేదు. వాచిన బుగ్గకు ఒక చెయ్యి ఆనించుకుని అతను రెండో చెయ్యెత్తితే నీళ్లొస్తున్నాయి, తల కదిలిస్తే దిండు సర్దుతున్నారు. ఇంటి పెద్దకు నలతగా ఉంటే ఇల్లంతా కదలడం మన ఇళ్లల్లో మామూలే. అందులో ఆలోచించవలసింది ఏదైనా ఉందని మనకు తోచదు. లక్ష్మీపతికీ తోచలేదు.

మధ్యాహ్నం సిద్దమ్మ పలకరించడానికి వచ్చింది. ఇరవై ఏళ్లుగా వాళ్ల పొలంలో పనిచేస్తున్న మనిషి.

"ఎట్లుండాది అప్పా? నెత్తురు నిలిచిందా?"

అతను తల ఊపాడు.

"నిలిచింది గదా, ఇంక బయంలేదు. అమ్మకు ఆ పొద్దు నిలవనే లేదు. రెండు పండ్లు ఒకేసారి పీకిరి గదా! పుంగనూరు నుంచి బస్సులో వస్తాంటే కొంగంతా తడిసిపాయె. అట్లనే వచ్చి పొయ్యి ముందర కూసునె."

లక్ష్మీపతి మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఎవురికి?" వాచిన నోట్లోంచి మాట ముద్దగా వచ్చింది.

"అమ్మకే. పోయినేడు పుంగనూరు ఇస్కూల్లో ఉచితంగా పండ్లు సూస్తాండారంటే నేనే పిల్సుకోని పోతిని. యాల, నీకు తెలీదా?"

"సిద్దమ్మా, ఊరుకో," అంది లోపల్నుంచి నాగరత్నమ్మ. సిద్దమ్మ నాలుక కరుచుకుని, కోత చూడాలంటూ లేచి వెళ్లిపోయింది.

గీత గడపలోనే నిలబడిపోయింది. "అమ్మకు రెండు పండ్లు పీకితే నాకెవురూ ఫోను చెయ్యలేదే! నాయనకు ఒక్క పన్నుకు కుప్పం నుంచి పిలిపిస్తిరి."

లక్ష్మీపతికి ఆ రోజు గుర్తొచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది. ఆ రోజూ కోతే. పదిహేను మంది కూలీలు తిండికి కూర్చున్నారు. సంగటి ఆలస్యమైంది, చారులో ఉప్పు లేదు. ఏమని అడిగితే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏదో గొణిగింది. "నోరు పడిపోయిందా? పొద్దన్నుంచి యాడ తిరిగొచ్చినావు?" అని అందరి ముందూ అరిచి, గిన్నె నేలకు కొట్టి లేచిపోయాడు. నెత్తురు మింగుతూ, ఆమె వంగి ఆ చారు తుడిచింది. ఉప్పు చూడడానికి ఆ పూట ఆమెకు నోరెక్కడిది?

కాళ్లీడ్చుకుంటూ వంటింట్లోకి వెళ్లాడు. ఆమె గోడకు ఆనుకుని సంగటిని మజ్జిగలో పిసుక్కుని మింగుతోంది.

"యా పండ్లు? సూపీ."

"ఇప్పుడెందుకు? పోయి పడుకో. వాపు ఎక్కువైతాది."

ముప్ఫై ఏళ్లు ఎదురుగా మసలిన మనిషి నోట్లో ఏ పన్ను ఉందో, ఏది లేదో అతనికి తెలియదు. నవ్వేటప్పుడు ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంటే సిగ్గనుకున్నాడు. నమలకుండా మింగితే పని తొందర అనుకున్నాడు.

"నాకు యాల సెప్పలేదు?"

"సెప్తే ఏమంటావు? పని ఎగ్గొట్టేదానికి యేసాలంటావు. తలనొప్పన్నా అంతే, నడుమునొప్పన్నా అంతే. ఇంకో పన్ను కదులుతాండాది. అది రాలిపోయేదాకా ఓర్సుకుంటాలే."

ఆమె గొంతులో కోపం లేదు. సంవత్సరాల కిందటే ఆశ వదులుకున్న మనిషి గొంతు అది. ఆ మాట వినడం కన్నా ఆమె నాలుగు తిట్టినా మేలనిపించింది అతనికి. క్షమించమనడానికి నోరు తెరిచాడు గాని, ఆ మాట అలవాటు లేక రాలేదు. తలవంచుకుని బయటికొచ్చాడు. మంచం మీద పడుకోవడానికి మాత్రం మనసొప్పలేదు.

మూడోరోజు డాక్టరుకు మళ్లీ చూపించుకోవడానికి మదనపల్లెకు పోతూ ఆమెను కూడా తీసుకెళ్లాడు. "నాది తర్వాత, ముందు ఈమెను సూడండి సార్," అన్నాడు.

డాక్టరు చూసి ముఖం చిట్లించాడు. "పన్ను కింద చీము పట్టింది. ఈ నొప్పి నెలల తరబడి ఉండి ఉంటుంది. మీరు ఇంట్లో లేరా ఏం?"

ఉన్నానని చెప్పడానికి లక్ష్మీపతికి సిగ్గేసింది.

ఆ పన్ను తీయించుకుని ఇంటికొచ్చాక నవారు మంచం ఆమెదయింది. ఆమె రెండుసార్లు లేచి వంటింటి వైపు నడిచింది. రెండుసార్లూ గీత చెయ్యి పట్టుకుని తెచ్చి పడుకోబెట్టింది. అంబలి లక్ష్మీపతే కాచాడు. ఉండలు కట్టింది. ఆమె వేలితో ఉండలు చిదుపుకుంటూ తాగింది.

మరునాడు పాలకేంద్రం దగ్గర, పాలు పోయడానికొచ్చిన ఊరివాడు ఆదెప్ప నలుగురిలో నవ్వాడు. "ఏమప్పా, పన్ను పీకించుకోని అంబలి కాసే పని నేర్సినావంట?"

లక్ష్మీపతి పాలక్యాను కింద పెట్టాడు. దాచకుండా అంతా చెప్పాడు. కొంగు సంగతి, చారు సంగతి, తను కొట్టిన గిన్నె సంగతి. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. నవ్వినవాళ్లు నవ్వు ఆపేశారు. ఆదెప్ప చూపు దించుకున్నాడు.

"పెండ్లాం మీద ఎన్నడూ చెయ్యెత్తలేదని మీ ముందరే గొప్పలు సెప్పుకున్యాను," అన్నాడు చివరికి. "ఇంట్లో ఆడమనిషిని నొప్పుండాదా అని అడక్కపోయేది కూడా కొట్టేదేనప్పా. ఇండ్లకు పోయి అడగండి. అడిగి, ఆమె సెప్పిందాకా ఆడనే కూసోండి."